ఒక్క క్లిక్కుకి రెండు బిల్లులు, మూడు బిల్లులు: స్వింగ్‌లో లిజనర్ల గొడవ

గోదారి_కుర్రాడు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక మందుల షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్ నా నెత్తిన పడింది. స్వింగ్‌లో (జావాలో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) రాసింది, జావా 8. రాసినాయన ఉద్యోగం మారిపోయాడు, డాక్యుమెంటేషన్ అనే మాటే లేదు. కోడ్ క్లయింట్‌ది కాబట్టి ఇక్కడ పెట్టలేను, మాటల్లోనే చెప్తాను.

పొద్దున ప్రోగ్రామ్ తెరిచాక మొదటి బిల్లు బాగానే సేవ్ అవుతుంది. రెండో బిల్లుకి సేవ్ నొక్కితే ప్రింటర్‌లోంచి రెండు కాగితాలు వస్తాయి. మూడో బిల్లుకి మూడు. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. షాపాయన విసుగెత్తి ప్రతి బిల్లుకీ ప్రోగ్రామ్ మూసి తెరుస్తున్నాడు. పైగా స్టాక్ లెక్క తేడా వస్తోందట. ప్రింటర్ డ్రైవర్ మార్చి చూశాను, లాభం లేదు. ఎక్కడ వెతకాలి?

పాత_జావా
సోమవారం, రాత్రి 10:05

డ్రైవర్ జోలికి వెళ్లకండి. ఒకటి, రెండు, మూడు అని వరసగా పెరుగుతోందంటే అది లిజనర్ల లెక్కే (బటన్ నొక్కినప్పుడు నడవాల్సిన కోడ్‌ని లిజనర్ అంటాం). ఎక్కడో దాన్ని బటన్‌కి తగిలించే యాడ్‌యాక్షన్‌లిజనర్ మళ్లీ మళ్లీ నడుస్తోంది. అది కన్‌స్ట్రక్టర్‌లో (విండో పుట్టినప్పుడు ఒక్కసారే నడిచే కోడ్) ఉందా, వేరే మెథడ్‌లో ఉందా చూసి చెప్పండి.

ఊహ అక్కర్లేదు, ఒక్క లైన్‌తో తేలిపోతుంది. సేవ్ బటన్ మీద గెట్‌యాక్షన్‌లిజనర్స్ పిలిస్తే దానికి తగిలించిన లిజనర్ల అర్రే (జాబితా) వస్తుంది. దాని పొడవు కన్సోల్‌లో ప్రింట్ చేయండి.

ఇంకోటి. రెండు కాగితాలు వచ్చినప్పుడు రెండూ ఒకే బిల్లువా? నంబర్లు చూశారా?

గోదారి_కుర్రాడు
మంగళవారం, ఉదయం 11:20

చూశాను సర్. విండో ఒక్కటే, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు తయారవుతుంది. 'కొత్త బిల్లు' నొక్కిన ప్రతిసారీ ఒక మెథడ్ నడుస్తుంది. కొత్త బిల్ ఆబ్జెక్ట్ తయారుచేసి, గడులు ఖాళీ చేసి, టేబుల్ తుడిచి, చివర్లో సేవ్ బటన్‌కి లిజనర్‌గా ఒక లాంబ్డా (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న కోడ్ ముక్క) తగిలిస్తోంది. పొడవు మీరన్నట్టే 1, 2, 3 అని పెరుగుతోంది.

కాగితాల సంగతి విని షాపుకెళ్లి చూశాను. మొదటి కాగితం ఇప్పటి బిల్లు, రెండోది అంతకు ముందు కస్టమర్‌ది! షాపాయన చూడకుండా చింపేస్తున్నాడు.

ఒక అనుమానం. అదే బటన్‌కి మళ్లీ లిజనర్ పెడితే పాతది పోయి కొత్తది రావాలి కదా? నేను ఆండ్రాయిడ్ నుంచి వచ్చాను, అక్కడ అలాగే ఉంటుంది.

పాత_జావా
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఆండ్రాయిడ్‌లో మీరు వాడింది సెట్‌ఆన్‌క్లిక్‌లిజనర్. సెట్ అంటే ఒక్కటే చోటు, కొత్తది వస్తే పాతది పోతుంది. స్వింగ్‌లో ఉన్నది యాడ్. పేపర్ కుర్రాడికి ఇంట్లో ముగ్గురు విడివిడిగా చెప్తే గుమ్మంలో మూడు పేపర్లు పడతాయి, ఇదీ అంతే. అదే ఆబ్జెక్ట్‌ని రెండుసార్లు ఇచ్చినా 'ఇది ఇప్పటికే ఉంది' అని స్వింగ్ చూడదు, రెండుసార్లూ పిలుస్తుంది. జావాఎఫ్‌ఎక్స్‌లో (స్వింగ్ తర్వాత వచ్చిన ఇంకో లైబ్రరీ) రెండు పద్ధతులూ ఉన్నాయి: సెట్‌ఆన్‌యాక్షన్ ఒక్కటే పట్టుకుంటుంది, యాడ్‌ఈవెంట్‌హ్యాండ్లర్ ఎన్నైనా పట్టుకుంటుంది.

మీ కాగితాల కథలో అసలు విషయం ఇంకోటి ఉంది. ఆ లాంబ్డా తను పుట్టినప్పటి బిల్ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని కూర్చుంది. అందుకే ఇప్పుడు సేవ్ నొక్కితే కొత్త లాంబ్డా కొత్త బిల్లునీ, పాత లాంబ్డా పాత బిల్లునీ సేవ్ చేస్తున్నాయి. పాత బిల్లులోని మందులు స్టాక్‌లోంచి మళ్లీ తగ్గుతున్నాయి. షాపాయన లెక్క తేడా అక్కడిదే.

కొత్త బిల్లు ముందు ప్రింట్ కావడానికీ కారణం ఉంది. స్వింగ్ బటన్లు లిజనర్లని చివర చేరినదాని నుంచి మొదటిదాకా వెనక్కి పిలుస్తాయి. ఆ వరస మీద ఆధారపడి మాత్రం కోడ్ రాయకండి, దానికి ఎవరూ హామీ ఇవ్వలేదు.

హైటెక్_బస్సు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

బ్రో, ఇంత పెద్ద కథ ఎందుకు? యాడ్ చేసే ముందు లైన్‌లో అదే లాంబ్డాతో రిమూవ్‌యాక్షన్‌లిజనర్ పెట్టు. తీసేసి తగిలిస్తుంది. అయిపోయింది.

లాంబ్డా_వాణి
మంగళవారం, మధ్యాహ్నం 3:00

అవ్వదండి. మీరు రిమూవ్‌కి ఇచ్చే లాంబ్డా చూడ్డానికి అదే అయినా ఆబ్జెక్ట్ వేరు. అక్షరం పొల్లుపోకుండా రెండు చోట్ల రాసినా రెండు ఆబ్జెక్టులే. 'దిస్ రెండు కోలన్‌లు సేవ్' అని మెథడ్ రిఫరెన్స్ ఇచ్చినా మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టే పుడుతుంది. రిమూవ్ మెథడ్ లిస్టులో వెతుకుతుంది, దొరకదు, నోరు మూసుకుని తిరిగొస్తుంది. ఎర్రర్ ఉండదు, ఎక్సెప్షన్ ఉండదు. కోడ్ చదివేవాళ్లకి మాత్రం 'తీసేస్తున్నాం కదా' అనిపిస్తుంది. లిజనర్‌ని తీసే ఉద్దేశం ఉంటే దాన్ని ఒక ఫీల్డ్‌లో (క్లాసులో ఉండే వేరియబుల్) దాచి, తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ ఆ ఫీల్డ్‌నే వాడాలి.

హైటెక్_బస్సు
మంగళవారం, మధ్యాహ్నం 3:15

సరే, గెట్‌యాక్షన్‌లిజనర్స్ మీద లూప్ తిప్పి ఉన్నవన్నీ పీకేస్తే?

లాంబ్డా_వాణి
మంగళవారం, మధ్యాహ్నం 3:40

ఈ ప్రోగ్రామ్‌లో పనిచేస్తుందేమో. కానీ ఆ బటన్‌కి ఎవరైనా సెట్‌యాక్షన్‌తో ఒక యాక్షన్ ఆబ్జెక్ట్ (నొక్కితే చేయాల్సిన పనిని పట్టుకునే ఆబ్జెక్ట్) ఇచ్చి ఉంటే అది కూడా ఆ అర్రేలోనే ఉంటుంది. లూప్ దాన్నీ పీకేస్తుంది. బటన్ ఎనేబుల్‌గానే ఉంటుంది, నొక్కితే ఏమీ జరగదు. వేరేవాళ్లు తగిలించినవాటి మీద మనం చెయ్యి వేయకూడదు.

పాత_జావా
మంగళవారం, సాయంత్రం 6:00

తీయడం గురించి ఇంత చర్చ దేనికి? ఇక్కడ తీయాల్సిన అవసరమే లేదు. విండో ఒక్కసారే పుడుతోంది, బటన్ ఒక్కసారే పుడుతోంది, లిజనర్ కూడా అక్కడే ఒక్కసారే పుట్టాలి. 'కరెంట్ బిల్' అని విండో క్లాసులో ఒక ఫీల్డ్ పెట్టండి. 'కొత్త బిల్లు' మెథడ్ ఆ ఫీల్డ్‌లో కొత్త ఆబ్జెక్ట్ పెట్టి ఊరుకోవాలి. లిజనర్ కన్‌స్ట్రక్టర్‌లో ఉంటుంది, నొక్కిన క్షణంలో ఆ ఫీల్డ్‌లో ఏముందో దాన్ని సేవ్ చేస్తుంది.

రాసినాయన ఇలా ఎందుకు రాశాడో ఊహించగలను. బిల్ ఆబ్జెక్ట్ ఆ మెథడ్‌లో లోకల్ వేరియబుల్‌గా చేతికి అందుతోంది, లాంబ్డాలో నేరుగా వాడేసుకోవచ్చు, ఫీల్డ్ పెట్టే శ్రమ తప్పుతుంది. లాంబ్డాల సుఖంలో ఉన్న చిక్కే ఇది. ఏది పట్టుకుందో కంటికి కనపడదు.

మా రోజుల్లో అసలు లిజనర్లే లేవు లెండి. 1996లో వచ్చిన జావా 1.0లో బటన్ నొక్కితే ఏం కావాలో చెప్పాలంటే క్లాసుని ఎక్స్‌టెండ్ చేసి యాక్షన్ అనే మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయాలి. అందులో 'ఏ బటన్ నొక్కారు' అని ఇఫ్‌ల మీద ఇఫ్‌లు. ట్రూ తిరిగిస్తే అక్కడితో ఆగుతుంది, ఫాల్స్ ఇస్తే పైనున్న కంటైనర్‌కి వెళ్తుంది. 1997లో 1.1తో లిజనర్లు వచ్చాయి, ఇన్నర్ క్లాసులూ దాంతోపాటే. ఆ తర్వాత 2014లో జావా 8తో లాంబ్డాలు వచ్చేదాకా ప్రతి బటన్‌కీ ఐదారు లైన్ల ఎనానిమస్ క్లాస్ రాసుకున్నాం.

బిర్యానీ_బైట్స్
మంగళవారం, రాత్రి 8:15

ఈ కాలంలో కూడా స్వింగ్ మీద ఇంత చర్చా? వెబ్‌లోకి మార్చేయమని క్లయింట్‌కి చెప్పండి.

పాత_జావా
మంగళవారం, రాత్రి 8:30

మీరు కోడ్ రాసేది ఇంటెలిజె ఎడిటర్‌లో అయితే ఆ విండో చాలామటుకు స్వింగే బాబూ. మందుల షాపాయనకి కావాల్సింది రేపు పొద్దున బిల్లు సరిగ్గా రావడం.

గోదారి_కుర్రాడు
శుక్రవారం, రాత్రి 9:10

పాత_జావా గారూ, మీరు చెప్పినట్టే మార్చాను. పొడవు ఎప్పుడు చూసినా 1. పాత కస్టమర్ బిల్లులు రావడం ఆగిపోయింది.

కానీ సాయంత్రం రద్దీలో అప్పుడప్పుడు ఇంకా జంట బిల్లులు వస్తున్నాయి. ఈసారి రెండూ ఒకే కస్టమర్‌వి, ఒకే మందులు, బిల్లు నంబర్లు మాత్రం వేరు. సేవ్‌లో జరిగేవి: డేటాబేస్‌లో రాయడం, ప్రింట్, కస్టమర్‌కి ఎస్ఎంఎస్. నెట్ నెమ్మదిగా ఉంటే విండో తెల్లగా అయిపోయి కాసేపు బిగుసుకుపోతుంది. రెండో క్లిక్ పడకుండా లిజనర్ మొదటి లైన్‌లో బటన్‌ని డిసేబుల్ చేసి, చివరి లైన్‌లో ఎనేబుల్ చేశారు. మరి రెండోసారి ఎలా సేవ్ అవుతోంది? టెన్షన్ పట్టుకుంది.

వైజాగ్_థ్రెడ్
శుక్రవారం, రాత్రి 10:00

ఇది నా ఇలాకా, నేను చెప్తా. తమ్ముడూ, ఆ డిసేబుల్ లైన్ వల్ల ఉపయోగం సున్నా.

స్వింగ్‌లో క్లిక్కులు, కీలు, బొమ్మ గీయడం అన్నీ ఒకే థ్రెడ్ (పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపే దారి) మీద నడుస్తాయి, ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్ అంటారు. ఈవెంట్లు ఒక క్యూలో నిలబడతాయి, థ్రెడ్ ఒక్కొక్కటే తీసి లిజనర్‌కి ఇస్తుంది. లిజనర్ తిరిగొచ్చేదాకా తర్వాతి ఈవెంట్ కదలదు.

ఇప్పుడు మీ షాపులో జరిగేది చూడండి. షాపాయన సేవ్ నొక్కాడు. లిజనర్ మొదలైంది, బటన్ డిసేబుల్ అయింది. కానీ బటన్‌ని బూడిద రంగులో మళ్లీ గీయాల్సింది కూడా ఈ థ్రెడ్డే, అది ఎస్ఎంఎస్ కోసం ఆగి ఉంది. స్క్రీన్ మీద మార్పు కనపడదు. పడలేదనుకుని ఆయన ఇంకోసారి నొక్కుతాడు. ఆ క్లిక్కు ఎక్కడికీ పోదు, క్యూలో నిలబడుతుంది. ఎస్ఎంఎస్ అయింది, చివరి లైన్‌లో బటన్ ఎనేబుల్ అయింది, లిజనర్ తిరిగొచ్చింది. అప్పుడు థ్రెడ్ క్యూలోంచి ఆ రెండో క్లిక్కుని తీస్తుంది. బటన్ ఎనేబుల్‌గానే ఉంది కదా, మళ్లీ సేవ్!

అనుమానం ఉంటే విండో బిగుసుకున్నప్పుడు జెస్టాక్ అనే టూల్‌తో థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఎక్కడుందో చెప్పే జాబితా) తీయండి. ఏడబ్ల్యూటీ-ఈవెంట్‌క్యూ-0 అనే పేరున్న థ్రెడ్ ఏ లైన్ దగ్గర ఆగిందో కనపడుతుంది. అక్కడ నెట్‌వర్క్ కోడ్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

దీనికి విరుగుడు స్వింగ్‌వర్కర్ అనే క్లాసు, జావా 6 నుంచి జావాలోనే ఉంది. లిజనర్‌లో బటన్ డిసేబుల్ చేయండి, గడుల్లోని విలువలు అక్కడే చదివి పెట్టుకోండి, వర్కర్‌ని ఎగ్జిక్యూట్ చేసి వెంటనే తిరిగొచ్చేయండి. బరువు పని డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టండి, అది వేరే థ్రెడ్ మీద నడుస్తుంది. అయ్యాక డన్ మెథడ్ మళ్లీ ఈవెంట్ థ్రెడ్ మీదే వస్తుంది, బటన్ అక్కడ ఎనేబుల్ చేయండి. ఇప్పుడు మధ్యలో పడే క్లిక్కులు అప్పటికప్పుడే బయటికొచ్చి, డిసేబుల్ అయిన బటన్ దగ్గర ఆగిపోతాయి.

రెండు జాగ్రత్తలు. డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లోంచి ఏ లేబుల్‌నీ టేబుల్‌నీ ముట్టుకోవద్దు. డన్‌లో తప్పకుండా గెట్ పిలవండి. పిలవకపోతే వెనకాల వచ్చిన ఎక్సెప్షన్ ఎవరికీ కనపడకుండా పోతుంది, బిల్లు సేవ్ కాకపోయినా అయినట్టే ఉంటుంది. ఎనేబుల్ చేసే లైన్‌ని ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా నడిచే చోటు) పెట్టండి, లేకపోతే ఒక్క ఎర్రర్‌తో బటన్ శాశ్వతంగా చచ్చుపడిపోతుంది.

ఓరుగల్లు_డెవ్
శనివారం, ఉదయం 10:45

మందుల షాపంటే బార్‌కోడ్ స్కానర్ ఉంటది కదా అన్నా. మా దగ్గర ఒక సూపర్ మార్కెట్ ప్రోగ్రామ్‌ల విచిత్రమైన బగ్ వచ్చింది, మీకూ రావచ్చు. మొదటి వస్తువు స్కాన్ చేయంగనే బిల్లు సేవ్ అయిపోయేది, ఒకే ఒక్క వస్తువుతోటి.

స్కానర్ అంటే కంప్యూటర్‌కి కీబోర్డే. అంకెలు టైప్ చేసి చివర ఎంటర్ కొడతది. స్వింగ్ టెక్స్ట్‌ఫీల్డ్‌కి యాక్షన్‌లిజనర్ ఉంటే ఆ ఎంటర్ దానికే పోతది. లిజనర్ లేకుంటే ఆ ఎంటర్‌ని టెక్స్ట్‌ఫీల్డ్ వదిలేస్తది, అది విండో డిఫాల్ట్ బటన్ (ఎంటర్ కొడితే నొక్కినట్టయ్యే బటన్) దగ్గరికి పోతది. మాకు డిఫాల్ట్ బటన్ సేవే. ఎవరో టెక్స్ట్‌ఫీల్డ్ నుంచి లిజనర్ తీసి డాక్యుమెంట్‌లిజనర్ (గడిలో అక్షరాలు మారితే చెప్పేది) పెట్టిన్రు, ఆ రోజు నుంచే ఈ గోల.

గోదారి_కుర్రాడు
శనివారం, మధ్యాహ్నం 12:20

అన్నా, మా దాంట్లోనూ కోడ్ గడికి డాక్యుమెంట్‌లిజనరే ఉంది! స్కానర్ ఇంకా కొనలేదు, వచ్చే నెల కొంటారట. ముందే చెప్పి బతికించారు.

అక్కడే ఇంకో వింత. ఆ లిజనర్‌లో టెక్స్ట్‌ని పెద్దక్షరాలుగా మార్చే లైన్ ఒకటి కామెంట్‌లో పెట్టేసి ఉంది. ఎందుకా అని తీసి చూస్తే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వచ్చింది.

లాంబ్డా_వాణి
శనివారం, మధ్యాహ్నం 1:00

డాక్యుమెంట్ 'నేను మారాను' అని కబురు పంపుతున్న సమయంలోనే దాన్ని మళ్లీ మార్చడానికి ఒప్పుకోదు. మారాక తెలుసుకోడానికి లిజనర్, మారకముందే అడ్డుపడి సరిదిద్దడానికి డాక్యుమెంట్‌ఫిల్టర్. పెద్దక్షరాల పని ఫిల్టర్‌ది.

పనిలో పని, మీ మందుల టేబుల్‌లో వరస మీద క్లిక్ చేస్తే వివరాలు రెండుసార్లు లోడ్ అవుతున్నాయేమో చూడండి. మౌస్ నొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి సెలెక్షన్ ఈవెంట్లు వస్తాయి. గెట్‌వాల్యూఈజ్‌అడ్జస్టింగ్ (ఎంపిక ఇంకా మారుతోందా అని చెప్పేది) ట్రూ ఉంటే వెంటనే రిటర్న్ అయిపోవాలి. కాంబోబాక్స్ ఐటమ్‌లిజనర్ కూడా అంతే: పాతది వదిలేసినందుకు ఒక ఈవెంట్, కొత్తది ఎంచుకున్నందుకు ఒకటి.

బ్యాకెండ్_బాబాయ్
శనివారం, సాయంత్రం 5:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేం స్ప్రింగ్‌లో (జావాలో సర్వర్ ప్రోగ్రామ్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) ఆర్డర్ సేవ్ అయినప్పుడు ఒక ఈవెంట్ పబ్లిష్ చేస్తాం, ఈవెంట్‌లిజనర్ అనోటేషన్ ఉన్న మెథడ్ ఎస్ఎంఎస్ పంపుతుంది. ఒక్కోసారి డేటాబేస్‌లో ఆర్డర్ ఉండదు, కస్టమర్‌కి మాత్రం 'మీ ఆర్డర్ అందింది' అని మెసేజ్ వెళ్తోంది. క్యూలు వాడమని ఒకరు, కాఫ్కా (మెసేజ్‌లు చేరవేసే వేరే సిస్టమ్) పెట్టమని ఇంకొకరు సలహా ఇస్తున్నారు.

లాంబ్డా_వాణి
శనివారం, సాయంత్రం 6:10

కాఫ్కా దాకా వెళ్లకండి బాబాయ్ గారూ. ఈవెంట్‌లిజనర్ పేరు చూసి అది విడిగా, తర్వాతెప్పుడో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. మనం ఏమీ చెప్పకపోతే అది పబ్లిష్ చేసిన థ్రెడ్ మీదే, అదే ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో అన్నీ కలిపి ఖాయమయ్యే లేదా అన్నీ రద్దయ్యే పనుల కట్ట) మధ్యలోనే నడుస్తుంది. ఎస్ఎంఎస్ వెళ్లాక ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ (రద్దు) అయితే ఆర్డర్ పోతుంది, మెసేజ్ పోదు. తలకిందులుగా కూడా జరుగుతుంది: ఎస్ఎంఎస్ మెథడ్ ఎక్సెప్షన్ విసిరితే అది పబ్లిష్ చేసినవాళ్ల దాకా వచ్చి, మంచి ఆర్డర్‌ని కూడా రోల్‌బ్యాక్ చేయించగలదు.

స్ప్రింగ్ 4.2 నుంచి ట్రాన్సాక్షనల్‌ఈవెంట్‌లిజనర్ ఉంది. అది పెడితే కమిట్ (ఖాయం) అయ్యాకే మీ మెథడ్ నడుస్తుంది. అయితే ఈవెంట్ పబ్లిష్ చేసే చోట ట్రాన్సాక్షన్ లేకపోతే ఆ మెథడ్ అసలు నడవదు, చెప్పకుండా వదిలేస్తుంది. ఫాల్‌బ్యాక్‌ఎగ్జిక్యూషన్ ట్రూ ఇస్తే తప్ప. ఆ మెథడ్‌లో మళ్లీ డేటాబేస్‌లో ఏమైనా రాయాలంటే కొత్త ట్రాన్సాక్షన్ అడగాలి, పాతది అప్పటికే ముగిసిపోయింది.

పాత_జావా
శనివారం, రాత్రి 9:00

గోదారి గారూ, మీ ప్రోగ్రామ్‌లో రిపోర్టు విండోలు ఉన్నాయా? స్టాక్ మారగానే వాటంతటవే మారేలా రాశారా?

గోదారి_కుర్రాడు
ఆదివారం, ఉదయం 8:30

ఉన్నాయి సర్. తెరిచిన ప్రతి రిపోర్టు విండో స్టాక్ మోడల్‌కి (స్టాక్ లెక్క ఉంచే ఆబ్జెక్ట్) ప్రాపర్టీచేంజ్‌లిజనర్‌గా చేరుతుంది. విండో మూస్తే విండోక్లోజ్డ్‌లో ఆ లిజనర్‌ని తీసే కోడ్ కూడా ఉంది, కాబట్టి అది సేఫే అనుకుంటున్నా. కాకపోతే రాత్రయ్యేసరికి ప్రోగ్రామ్ బరువెక్కిపోతోంది అంటున్నారు.

పాత_జావా
ఆదివారం, ఉదయం 9:15

ఆ విండోక్లోజ్డ్ ఒక్కసారైనా నడిచిందేమో చూడండి. జేఫ్రేమ్‌లో (స్వింగ్ విండో) మనం ఏమీ మార్చకపోతే ఎక్స్ గుర్తు నొక్కినప్పుడు విండో దాక్కుంటుంది అంతే, డిస్పోజ్ అవ్వదు (పూర్తిగా పోదు). అప్పుడు వచ్చేది విండోక్లోజింగ్. విండోక్లోజ్డ్ వచ్చేది డిస్పోజ్ అయ్యాకే. అంటే మూసిన రిపోర్టులన్నీ స్టాక్ మోడల్ లిస్టులో బతికే ఉన్నాయి. ఒక్కో బిల్లు సేవ్ అయినప్పుడల్లా కనపడని విండోలన్నీ తమ టేబుళ్లు మళ్లీ నింపుకుంటున్నాయి. మోడల్ బతికున్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ (వాడని ఆబ్జెక్టుల్ని మెమరీ నుంచి తుడిచేది) వాటిని ముట్టుకోదు. డిఫాల్ట్ క్లోజ్ ఆపరేషన్‌ని డిస్పోజ్‌కి మార్చండి, ఉన్న కోడే పనిచేస్తుంది.

గోదారి_కుర్రాడు
ఆదివారం, రాత్రి 10:20

నిజమే సర్, అందులో ప్రింట్ పెట్టి చూస్తే ఒక్కసారీ రాలేదు. డిస్పోజ్ పెట్టాక వస్తోంది. స్వింగ్‌వర్కర్ కూడా పెట్టేశాను, ఎస్ఎంఎస్ వెళ్తున్నంతసేపూ బటన్ బూడిద రంగులో కనపడుతోంది, షాపాయన రెండోసారి నొక్కట్లేదు.

చివరగా ఒక్కటి. ఎఫ్9 కొడితే సేవ్ అవ్వాలని అడుగుతున్నారు. విండోకి కీలిజనర్ పెట్టాను, కర్సర్ ఏదైనా గడిలో ఉంటే పనిచేయట్లేదు.

వైజాగ్_థ్రెడ్
ఆదివారం, రాత్రి 10:50

కీలిజనర్‌కి ఫోకస్ కావాలి తమ్ముడూ. కర్సర్ గడిలో ఉంటే కీ ఆ గడికే వెళ్తుంది, విండోకి కాదు. కీలిజనర్ తీసేసి కీ బైండింగ్ (ఏ కీకి ఏ పని అని ముడిపెట్టడం) పెట్టు. రూట్‌పేన్ ఇన్‌పుట్‌మ్యాప్‌లలో 'వెన్ ఇన్ ఫోకస్డ్ విండో' అనేది తీసుకుని, ఎఫ్9 కీస్ట్రోక్‌కి ఒక పేరు ఇవ్వు. యాక్షన్‌మ్యాప్‌లో అదే పేరుకి ఒక అబ్‌స్ట్రాక్ట్‌యాక్షన్ తగిలించు. సేవ్ బటన్‌కి కూడా లాంబ్డా తీసేసి సెట్‌యాక్షన్‌తో అదే ఆబ్జెక్ట్ ఇవ్వు. అప్పుడు డిసేబుల్ చేయాల్సింది బటన్‌ని కాదు, యాక్షన్‌ని. దాన్ని ఆపితే బటన్, ఎఫ్9 రెండూ ఆగుతాయి. లేకపోతే బటన్ బూడిద రంగులో ఉన్నా ఎఫ్9 మీద వేలు పెట్టి ఇంకో బిల్లు కొట్టేస్తారు.